పుస్తకం ఎప్పుడొచ్చింది, మనిషి ఎప్పుడు పోయాడు?

సంతకాలున్న పుస్తకాల గురించి పోయిన నెల ఈ శీర్షికలో నాలుగు ముక్కలు రాస్తే, వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ బేస్‌బాల్ మీదే. మనవాళ్ల పిల్లలు లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) ఆడుతున్న రోజులు కదా, ఆశ్చర్యం లేదు. కొత్తగా చదువుతున్నవారి కోసం నా సంగతి ఒక్క మాటలో చెప్తాను. పుట్టింది తెనాలిలో, ఉంటున్నది న్యూజెర్సీలో. జనం మా ఊరి లైబ్రరీకి ఇచ్చే పాత పుస్తకాలను సేల్‌కి సర్దడం నా జీతం లేని ఉద్యోగం. ఆ అట్టపెట్టెల ముందు కూర్చుని నేర్చుకున్నవే ఇవన్నీ.

ప్రశ్న: మేడమ్ గారూ, పాతకాలం బేస్‌బాల్ ఆటగాడు టై కాబ్ ఆత్మకథ ‘మై లైఫ్ ఇన్ బేస్‌బాల్’ మొదటి ముద్రణ ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు. లోపల ఆకుపచ్చ ఇంకుతో ఆయన సంతకం ఉంది. సర్టిఫికెట్ కూడా ఇస్తారట. కాబ్ సంతకానికి ఈ ధర తక్కువేనని అమ్మేవాడి మాట. తీసుకోమంటారా? – ఒక పాఠకుడు, ఎడిసన్

వద్దు. సంతకం దాకా వెళ్లనక్కర్లేదు, తేదీలు చూస్తే చాలు. కాబ్ 1961 జులై 17న అట్లాంటాలో పోయారు. పుస్తకం ఆ ఏడాదే వచ్చింది గానీ, ఆయన పోయాకే వచ్చింది. అచ్చయిన ప్రతిని ఆయన చూడనే లేదు. ఇక సంతకం ఎలా పెడతారండీ? ఆ పుస్తకం రాసిపెట్టిన ఆల్ స్టంప్ 1995 దాకా ఉన్నారు కాబట్టి, ఆయన సంతకమైతే నమ్మొచ్చు. ఆకుపచ్చ ఇంకు సంగతంటారా, కాబ్‌కి ఆ రంగంటే ఇష్టమని ఈ సరదా ఉన్న ప్రతివాళ్లకీ తెలుసు. దొంగకి ఇంకా బాగా తెలుసు.

ఎవరైనా సంతకం ఉన్న పుస్తకం చూపించగానే నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: పుస్తకం ఎప్పుడొచ్చింది, మనిషి ఎప్పుడు పోయాడు? చాలా బేరాలు ఇక్కడే తెగిపోతాయి. ఇంకో పాతకాలం ఆటగాడు లూ గెరిగ్ 1941 జూన్ 2న పోయారు. ఫ్రాంక్ గ్రాహం ఆయన మీద రాసిన పుస్తకం 1942లో వచ్చింది. అందులో గెరిగ్ సంతకం ఉందని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. జాకీ రాబిన్సన్ చివరి ఆత్మకథ ‘ఐ నెవర్ హాడ్ ఇట్ మేడ్’ 1972లో వచ్చింది. ఆయన పోయిందీ 1972 అక్టోబరు 24నే, అప్పటికే మధుమేహంతో చూపు బాగా పోయింది. రాబిన్సన్ సంతకమే కావాలనుకుంటే 1948 నాటి ‘మై ఓన్ స్టోరీ’, 1960 నాటి ‘వెయిట్ టిల్ నెక్స్ట్ ఇయర్’, 1964 నాటి ‘బేస్‌బాల్ హాజ్ డన్ ఇట్’ చూడండి. వాటిలో ఉండే అవకాశమైనా ఉంది.

చిక్కంతా బేబ్ రూత్‌తో. బాబ్ కాన్సిడైన్ చేత రాయించిన ‘ద బేబ్ రూత్ స్టోరీ’ 1948లో వచ్చింది. రూత్ అదే ఏడాది ఆగస్టు 16న కేన్సర్‌తో పోయారు. జూన్‌లో ఆ పుస్తకం రాతప్రతిని యేల్ యూనివర్సిటీకి ఇవ్వడానికి స్వయంగా వెళ్లారు. ఆ రోజు దాన్ని అందుకున్న యేల్ జట్టు కెప్టెన్, తర్వాతి రోజుల్లో అమెరికా అధ్యక్షుడైన జార్జ్ బుష్, అంటే పెద్ద బుష్. ఆ ఫొటోలో రూత్ చిక్కి శల్యమై, కోటు వేలాడుతూ కనిపిస్తారు. అంటే పుస్తకం వచ్చాక కొన్ని నెలలు బతికే ఉన్నారు, కొన్ని ప్రతుల మీద సంతకాలూ పెట్టారు. నిజమైనవి ఉన్నాయి కాబట్టే దొంగవి అన్నేసి పుట్టాయి. దాని జోలికి మాత్రం తెలిసినవాళ్ల సలహా లేకుండా వెళ్లకండి.

తేదీలు కుదిరితే పెన్ను చూడాలి. అమెరికాలో బాల్‌పెన్ మొదటిసారి దుకాణంలోకి వచ్చింది 1945 అక్టోబరు 29న, న్యూయార్క్‌లోని గింబెల్స్‌లో. ధర పన్నెండున్నర డాలర్లు. షార్పీ మార్కర్ 1964లో వచ్చింది. గెరిగ్ బాల్‌పెన్‌తో రాశాడన్నా, రూత్ షార్పీతో రాశాడన్నా నవ్వేసి ఊరుకోవచ్చు.

ప్రశ్న: నమస్తే ఆంటీ. మా అబ్బాయికి పన్నెండేళ్లు. మా ఊరి బేస్‌బాల్ జట్టు రఫ్‌రైడర్స్ ఆటకి వెళ్లినప్పుడల్లా బంతి మీద సంతకాలు తెచ్చుకుంటాడు. ఇప్పుడు పుస్తకం మీద కావాలంటున్నాడు. ఏ పెన్ను కొనాలి, ఏ పేజీలో పెట్టించాలి? – ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక తల్లి

షార్పీ మాత్రం వద్దమ్మా. బంతి మీదే అది కొన్నేళ్లకి పాకిపోతుంది. పుస్తకం కాగితం మీదైతే ఆ రోజే వెనక పేజీకి దిగుతుంది. నున్నటి ఫొటో పేజీలుంటాయే, వాటికైతే షార్పీ సరే. మామూలు కాగితానికి యాసిడ్ లేని పిగ్మెంట్ ఇంకు పెన్ను కొనండి, ఆర్ట్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. అది లేకపోతే మామూలు నీలం బాల్‌పెన్ చాలు, కంగారేం లేదు.

టైటిల్ పేజీలో పెట్టించండి. అట్ట తెరవగానే వచ్చే పేజీ చాలా పుస్తకాల్లో ముదురు రంగులో ఉంటుంది, సంతకం కనపడదు. పైజాకెట్ తీసి ఇంట్లోనే పెట్టి వెళ్లండి, తోపులాటలో మొదట చిరిగేది అదే. టైటిల్ పేజీ దగ్గర ఒక తెల్లకాగితం ముక్క పెట్టి ఉంచితే ఆటగాడు వెతుక్కోనక్కర్లేదు. జిగురున్న పసుపు చీటీలు అంటించొద్దు, వాటి జిగురు పేజీకి అంటుకుని దుమ్ము పట్టేస్తుంది. సంతకం అయ్యాక పుస్తకం వెంటనే మూయకుండా, ఆ పేజీ తెరిచే పట్టుకుని కాసేపు నిలబడమనండి. పన్నెండేళ్లవాడికి ఇదే కష్టం, నాకు తెలుసు.

మీవాడికి ఒక లాభం ఉంది. కంచె దగ్గర అందరూ బంతులూ కార్డులూ చాస్తుంటే, పుస్తకం పట్టుకున్న పిల్లాడి వైపు ఆటగాళ్లు ఒకసారి ఆగి చూస్తారు. ‘చదివావా?’ అని అడుగుతారు. చదివే వెళ్లమనండి. రఫ్‌రైడర్స్ డబుల్-ఎ జట్టు, అంటే పెద్ద లీగ్ అయిన మేజర్ లీగ్ కంటే కింది మెట్టుది కాబట్టి రద్దీ తక్కువ, మాట్లాడే తీరిక ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అరిజోనా, ఫ్లోరిడాల్లో జరిగే స్ప్రింగ్ ట్రెయినింగ్‌కి (సీజన్ ముందు జట్ల సాధనకి) తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది. ఒకే మనిషికి మూడు నాలుగు పుస్తకాలు చాచడం మాత్రం వద్దు. అమ్ముకునేవాళ్లు చేసే పని అది, ఆటగాళ్లు ఇట్టే పసిగడతారు.

ప్రశ్న: మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన నాకు జిమ్ బౌటన్ ‘బాల్ ఫోర్’ ఇచ్చారు. టైటిల్ పేజీ మీద బౌటన్ సంతకం, పైన ‘టు మైక్’ అని ఉంది. నా పేరు మైక్ కాదు! ఇలా వేరే పేరు ఉంటే విలువ తగ్గుతుందంటున్నారు. ఆ పేరు చెరిపించవచ్చా? – ఒక పాఠకుడు, అట్లాంటా

చెరిపించడమా! ఆ మాట ఇంకెక్కడా అనకండి. గీకిన చోట కాగితం పలచబడి దీపం ముందు పెట్టగానే తెలిసిపోతుంది, అప్పుడు మిగిలేది పాడైన పుస్తకం. వట్టి సంతకానికి ఎక్కువ ధర పలుకుతుందన్నది బంతులు, ఫొటోలు అమ్మేవాళ్ల లెక్క. పుస్తకం దగ్గర నా లెక్క వేరు. దొంగ సంతకం పెట్టేవాడు రెండు పదాలు బాగా సాధన చేస్తాడు. ఎవరి పేరో, ఒక వాక్యమో, తేదీయో రాయాలంటే వాడి చెయ్యి వణుకుతుంది, ఎందుకంటే పోల్చి చూడటానికి అక్షరాలు ఎక్కువ దొరుకుతాయి. ‘మైక్’ మీ సంతకానికి సాక్షి అనుకోండి. ఇచ్చిన పెద్దాయనకి ఆ మైక్ ఎవరో తెలిస్తే ఒక కాగితం మీద రాయించుకుని పుస్తకంలోనే పెట్టుకోండి.

పైగా మీకు దొరికింది మామూలు పుస్తకం కాదు. బౌటన్ 1969లో సియాటిల్ పైలట్స్‌కి, ఆ సీజన్ చివర్లో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కి పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) ఆడుతూ రాసుకున్న డైరీ అది. లెనర్డ్ షెక్టర్ ఎడిట్ చేశారు, 1970లో వచ్చింది. ఆటగాళ్ల తాగుడు, మాత్రలు, జీతాల కోసం బతిమాలుకోవడం, పెద్ద పేరున్న ఆటగాడు మికీ మాంటిల్ హ్యాంగోవర్‌తో ఆడటం, అన్నీ రాసేశాడు. మేజర్ లీగ్ బేస్‌బాల్ కమిషనర్ బౌయీ కూన్ పిలిపించి, ఇదంతా కల్పన అని ఒప్పుకోమంటే ఒప్పుకోలేదు. 1996లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ శతాబ్దపు పుస్తకాల జాబితా వేస్తే, అందులో ఉన్న ఒకే ఒక్క ఆటల పుస్తకం ఇదే. బౌటన్ 2019లో పోయారు. బతికుండగా అడిగినవాళ్లకల్లా సంతకం పెట్టిన మనిషి, కాబట్టి మీది నిజమైనదే అయ్యే అవకాశం ఎక్కువ.

ఒక చిన్న పరీక్ష చేయండి. జాకెట్ లోపలి మడత పైమూల ధర అచ్చయి ఉందా? వెనక అట్ట కింది మూల చిన్న గుంట నొక్కినట్టు ఉందా? ధర లేక, గుంట ఉంటే అది బుక్ క్లబ్ ప్రతి, అంటే క్లబ్ సభ్యుల కోసం వేరేగా వేసింది. చదువుకోవడానికి ఏ లోటూ ఉండదు గానీ మొదటి ముద్రణ అని ఎవరికీ చెప్పకండి.

ప్రశ్న: క్రికెట్ చూస్తూ పెరిగిన మీకు ఈ బేస్‌బాల్ పిచ్చి ఏమిటండీ? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

మా అబ్బాయి లిటిల్ లీగ్ ఆడేటప్పుడు బెంచీ మీద కూర్చోక తప్పలేదు, అలా అంటుకుంది. రెండూ దాయాది ఆటలే లెండి. 1932లో బ్రాడ్‌మన్ అమెరికా వచ్చినప్పుడు యాంకీ స్టేడియంలో బేబ్ రూత్ పక్కన కూర్చుని ఆట చూశారు. ఆ రోజు వాళ్లిద్దరి చేతా ఒక పుస్తకం మీద సంతకాలు పెట్టించుకున్న మహానుభావుడెవరైనా ఉంటే, ఆ ఇంటి అటక నేనే దులిపి పెడతాను.

ప్రశ్న: సర్టిఫికెట్ ఉంటే చాలా? ఒక కంపెనీ కాగితం ఇస్తుంది, ఇంకొకరు హోలోగ్రామ్ అంటారు. టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు, శాన్ హోసే

ముందు ఒక కథ వినండి. 1990లలో శాన్ డియేగో పాడ్రెస్ జట్టు పెద్ద బ్యాటర్ టోనీ గ్విన్, సొంత జట్టు దుకాణంలోనే తన పేరుతో దొంగ సంతకాలు అమ్మడం చూశాడు. ఆ ఊళ్లోని ఎఫ్‌బీఐ వాళ్లు ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో తీగ లాగితే డొంకంతా కదిలింది. 1999 అక్టోబరులో దాడులు చేశారు. దొరికిన సరుకులో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు ఉన్నాయి! కోల్‌కతాలో ఆవిడ బంతుల మీద సంతకాలు పెడుతూ కూర్చున్నారని నమ్మి కొనేవాళ్లు ఉన్నారన్నమాట. ఆ దొంగ సరుకంతా సర్టిఫికెట్లతోనే అమ్ముడైందని మరిచిపోకండి. సంతకం పుట్టించగలిగినవాడికి కాగితం పుట్టించడం ఒక లెక్కా?

కాబట్టి కాగితం ఎవరిచ్చారన్నదే ప్రశ్న. అమ్మేవాడే రాసిచ్చింది చిత్తుకాగితం కింద లెక్క. పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ లాంటి సంతకాలు పరీక్షించే బయటి కంపెనీలవాళ్లు ఇచ్చేది నిపుణుల అభిప్రాయం. పాత సంతకాలతో పోల్చి చూసి చెప్తారు, చాలావరకు సరిగ్గానే చెప్తారు, కానీ సంతకం పెడుతుంటే వాళ్లు చూడలేదు. మేజర్ లీగ్ వాళ్లు 2001 నుంచి వేస్తున్న హోలోగ్రామ్ సంగతి వేరు. అక్కడ సంతకం పెట్టేటప్పుడు వాళ్ల మనిషి పక్కన నిలబడి చూస్తాడు. అయితే అది ఎక్కువగా బంతులు, బ్యాట్లు, జెర్సీల మీదే కనిపిస్తుంది, పుస్తకాల మీద అరుదు. మీ పుస్తకం ధర కంటే పరీక్ష ఫీజు ఎక్కువయ్యేటట్టుంటే ఆ డబ్బుతో ఇంకో పుస్తకం కొనుక్కోండి.

ఇంట్లోనే చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. పేజీని దీపం కిందికి వాల్చి పట్టుకుని భూతద్దంలో చూడండి. బాల్‌పెన్ అయితే గీత వెంట సన్నటి గాడి కనిపిస్తుంది, పేజీ వెనక వేలితో తడిమితే ఉబ్బు తెలుస్తుంది. అచ్చులో వేసిన సంతకమైతే గాడి ఉండదు, ఇంకు మెరుపు ఉండదు, కొన్నిటిలో చిన్న చిన్న చుక్కలు కూడా కనిపిస్తాయి. మా లైబ్రరీకి ‘సైన్డ్!’ అని చీటీ అంటించి మరీ ఇచ్చే పుస్తకాల్లో చాలా వాటిది ఈ అచ్చు సంతకమే. చెయ్యి నిజంగా రాసినప్పుడు వేగం మారుతుంది. మొదలు గట్టిగా, చివర తేలికగా, తోక సన్నబడి గాలిలోకి లేచిపోతుంది. చూసి దించినవాడి గీత మొదలు నుంచి చివరి దాకా ఒకే మందంలో, నెమ్మదిగా నడుస్తుంది. మధ్యలో పెన్ను ఆగిన చోట ఇంకు బొట్టు కడుతుంది.

ఇంకో రకం ఉంది, దొంగా అనలేం, దొరా అనలేం. పాతకాలంలో పెద్ద ఆటగాళ్లకి వచ్చే ఉత్తరాలకి డ్రెస్సింగ్ రూమ్ కుర్రాళ్లు సంతకాలు పెట్టి పంపేసేవారు. ఇంకు పాతదే, కాగితం పాతదే, తేదీలన్నీ కుదురుతాయి, చెయ్యి మాత్రం వేరు. టెడ్ విలియమ్స్ లాంటివారి విషయంలో ఇది బాగా తెలిసిన సంగతి. ఇక్కడ పోల్చి చూడటం తప్ప దారి లేదు.

ప్రశ్న: ఒకే పుస్తకంలో చాలామంది ఆటగాళ్ల సంతకాలు సేకరించాలని ఉంది. ఏ పుస్తకం మంచిది? – ఒక పాఠకుడు, షికాగో

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. నన్నడిగితే ఈ సరదాకి తల్లివేరు లాంటి పుస్తకం లారెన్స్ రిట్టర్ ‘ద గ్లోరీ ఆఫ్ దెయిర్ టైమ్స్’, 1966. రిట్టర్ ఎకనమిక్స్ చదివి ఫైనాన్స్ పాఠాలు చెప్పే ప్రొఫెసరు. 1961లో టై కాబ్ పోయాడని తెలిసినప్పుడు, ఆ తరం ముసలి ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారే అనిపించి, బరువైన టేప్ రికార్డర్ వేసుకుని దేశమంతా తిరిగాడు. సామ్ క్రాఫర్డ్, రూబ్ మార్కర్డ్, స్మోకీ జో వుడ్, ఎడ్ రౌష్ లాంటివాళ్ల ఇళ్లకి వెళ్లి వాళ్ల మాటల్లోనే చెప్పించాడు. వచ్చిన రాయల్టీ వాళ్లతో పంచుకున్నాడు కూడా.

ఒక్కొక్కరికీ ఒక్కో అధ్యాయం, అధ్యాయానికో ఫొటో. అందుకని జనం అదే పుస్తకాన్ని ఒకరి తర్వాత ఒకరికి పోస్టులో పంపి ఎవరి అధ్యాయంలో వాళ్ల చేత సంతకం పెట్టించుకునేవారు. తిరుగు స్టాంపులు అంటించిన కవరు లోపల పెట్టడం మర్యాద. మార్కర్డ్ 1980లో, జో వుడ్ 1985లో, రౌష్ 1988లో పోయారు. ఇప్పుడా పుస్తకం సంతకాలతో కొత్తగా నింపే దారి లేదు. ఎవరో నింపింది దొరికితే కొనుక్కోవడమే, అదీ బాగా ఖరీదు.

రెండోది రోజర్ కాన్ రాసిన ‘ద బాయ్స్ ఆఫ్ సమ్మర్’, 1972. బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆటగాళ్లు రిటైరయ్యాక ఎలా ఉన్నారో వెళ్లి చూసి రాశారు. దీన్లో నింపిన ప్రతులు ఎక్కువే తిరుగుతుంటాయి, గోతులూ ఎక్కువే. గిల్ హాడ్జెస్ 1972 ఏప్రిల్ 2న పోయారు, రాబిన్సన్ సంగతి పైన చెప్పాను. ఆ ఇద్దరివీ దాదాపు దొరకనట్టే. రాయ్ కాంపనెల్లా 1958 జనవరిలో కారు ప్రమాదంలో భుజాల కింద నుంచీ చచ్చుబడిపోయారు. ఆ తర్వాత చేతికి పరికరం కట్టుకుని కష్టం మీద రాసేవారు, అక్షరాలు వంకర్లు పోయేవి. 1972 పుస్తకంలో గుండ్రంగా, చకచకా సాగిన కాంపనెల్లా సంతకం కనిపించిందంటే, పెట్టినవాడికి ఆయన జీవితం తెలియదని అర్థం. కార్ల్ అర్స్కిన్ మాత్రం అడిగినవాళ్లకి ఓపిగ్గా సంతకం పెట్టేవారు. ఆయన 2024 ఏప్రిల్‌లో, 97 ఏళ్ల వయసులో పోయారు. ఆయన సంతకం ఒక్కటే ఉన్న ప్రతులు ఇంకా మామూలు ధరకే వస్తాయి. మీరు అక్కడ మొదలెట్టండి.

ఖరీదైన పేర్ల వెనక పడొద్దంటే మాత్రం నా ఓటు బక్ ఓనీల్‌కి. నల్లవాళ్లని మేజర్ లీగ్‌లోకి రానివ్వని రోజుల్లో నీగ్రో లీగ్స్ అనే నల్లవాళ్ల లీగుల్లో కాన్సస్ సిటీ మోనార్క్స్‌కి ఆడిన మనిషి. ఆత్మకథ ‘ఐ వజ్ రైట్ ఆన్ టైమ్’ 1996లో వచ్చింది. 2006లో నీగ్రో లీగ్స్ వాళ్లని పదిహేడు మందిని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (కూపర్స్‌టౌన్‌లో ఉన్న బేస్‌బాల్ గౌరవ మందిరంలోకి) తీసుకుని ఈయన్ని వదిలేశారు. అయినా కూపర్స్‌టౌన్ వెళ్లి వాళ్లందరి తరఫున నవ్వుతూ మాట్లాడి వచ్చాడు. ఆ అక్టోబరులోనే పోయాడు. ఈయన్ని తీసుకోవడానికి హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లకి 2022 దాకా తీరిక దొరకలేదు. పుస్తకం వచ్చాక పదేళ్లు బతికాడు, ఎక్కడికెళ్లినా సంతకాలు పెట్టాడు. తేదీలు కుదురుతాయి, ధర అందుబాటులో ఉంటుంది, పుస్తకం కూడా చదవబుద్ధేస్తుంది. ఇంకేం కావాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటూ ఇవి సేకరించడం కుదురుతుందా? – ఒక కాలేజీ విద్యార్థి

కుదురుతుంది గానీ పోస్టు ఖర్చు పుస్తకాన్ని మించుతుంది. ఇక్కడ పుస్తకాలకి చవగ్గా ఉండే మీడియా మెయిల్ దేశం దాటి రాదు. వచ్చే బంధువుల సూట్‌కేసే దిక్కు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమెరికా లైబ్రరీ ముద్రలున్న పాత పుస్తకాలు కనిపిస్తే బేస్‌బాల్‌వి పక్కకి తీసి టైటిల్ పేజీ తిప్పి చూడండి, అమ్మేవాడికి ఆ పేర్లు పట్టవు. కొన్నాక వంటింటి గోడకి ఆనుకున్న బీరువాలో పెట్టకండి, చెమ్మ పడుతుంది. సిలికా జెల్ సంచులు వేసి ఉంచి, వానాకాలం నెలకోసారి తీసి పేజీలు ఆడించండి. సంతకం మీద టేపు, లామినేషన్ లాంటివి అసలొద్దు. గోడకి తగిలిస్తే ఎండ సోకి నీలం ఇంకు వెలిసిపోతుంది.

ఫొటోలు పంపేవారికి ఒక మనవి: సంతకం ఒక్కటే దగ్గరగా తీసి పంపుతున్నారు, దాంతో ఏమీ చెప్పలేను. టైటిల్ పేజీ మొత్తం, కాపీరైట్ పేజీ, జాకెట్ లోపలి మడత, ఈ మూడూ పగటి వెలుతురులో తీసి పంపండి. పుస్తకం ఎవరి దగ్గర కొన్నారో, ఎంతకి కొన్నారో కూడా రాయండి, ధర బయట పెట్టను.